సాంచాలు ఎవరివి, అప్పు ఎవరిది?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దెబ్బతిన్న పట్టణాలు తిరిగి నిలదొక్కుకోవాలంటే స్థానిక పారిశ్రామికవేత్తలకు చేయూతనివ్వాలి అన్న అంశం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ మాటతో నాకు పేచీ లేదు. బయటినుంచి పెద్ద పెట్టుబడి వస్తుందని, వచ్చి ఊరిని ఉద్ధరిస్తుందని ఎదురుచూస్తూ కూర్చోవడం కంటే, ఊళ్లో ఉన్న మనుషుల చేతుల్లోని పనిని నిలబెట్టడం మేలు. నా పేచీ అంతా 'పారిశ్రామికవేత్త' అన్న మాట దగ్గరే. ఆ మాట వినగానే మన మనసులో మెదిలే మనిషి ఎవరు? ఒక మగవాడు. కార్ఖానా ఆయనది, బ్యాంకు ఖాతా ఆయనది, బోర్డు మీద పేరు ఆయనది. స్త్రీ గుర్తుకు రావాలంటే ముందు 'మహిళా' అని ఒక విశేషణం తగిలించాలి. తగిలించాక కూడా మనకు కనిపించేవి పచ్చళ్లు, అప్పడాలు, కుట్టుమిషన్లు. ఊరికి అన్నం పెట్టే ప్రధాన వృత్తిలో ఆమె ఎక్కడుందో మనం చూడం.

అందుకని ఈ విషయాన్ని గాల్లో మాట్లాడకుండా ఒక ఊరిని ముందు పెట్టుకుని మాట్లాడతాను. ఆ ఊరు సిరిసిల్ల. మానేరు ఒడ్డున ఉన్న ఈ పట్టణం ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు నుంచి రాజన్న సిరిసిల్ల జిల్లాకు కేంద్రం. అక్కడ మరమగ్గాన్ని మరమగ్గం అనరు, సాంచా అంటారు. వేల సాంచాల చప్పుడు మధ్య పిల్లలు పుట్టి, పెరిగి, పెళ్లిళ్లు చేసుకున్న ఊరది. చప్పుడు ఆగితేనే అక్కడి వాళ్లకు నిద్ర పట్టదు.

ఈ సాంచాలు ఎవరో పెద్ద మిల్లు యజమాని తెచ్చి పెట్టినవి కావు. చేతిమగ్గం మీద బతుకు గడవని నేత కుటుంబాలు షోలాపూరుకు, భివండికి, సూరత్‌కు వలస వెళ్లాయి. అక్కడి కార్ఖానాల్లో మరమగ్గం పని నేర్చుకున్నవాళ్లు కొందరు తిరిగొచ్చి, పాత సాంచాలు కొని తెచ్చి, ఇళ్లలోనూ రేకుల షెడ్లలోనూ బిగించుకున్నారు. అట్లా ఒక ఊరు తన చేతులతో తాను కట్టుకున్న పరిశ్రమ ఇది. 'స్థానిక పారిశ్రామికవేత్త' అన్న మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదని ఎవరైనా అనవచ్చు. కానీ లోపలికి వెళ్లి చూస్తే పరిస్థితి వేరు.

లోపల మూడు మెట్లున్నాయి. పైమెట్టు మీద సేటు ఉంటాడు. నూలు కొనేది ఆయన, బట్ట అమ్మేది ఆయన. కింది మెట్టు మీద కార్మికుడు. పన్నెండు గంటల షిఫ్టులో సాంచాల మధ్య తిరుగుతూ, నేసిన బట్టకు లెక్కగట్టి కూలి తీసుకుంటాడు. ఈ ఇద్దరి మధ్య ఆసామి ఉన్నాడు. నాలుగో, ఎనిమిదో సాంచాలు ఆసామి సొంతం. కరెంటు బిల్లు ఆయనే కట్టాలి, సాంచా విరిగితే ఆయనే బాగు చేయించుకోవాలి, కార్మికుడికి ఆయనే కూలి ఇవ్వాలి. కానీ నూలు సేటుది, బట్ట సేటుది, ధర సేటు చెప్పింది. ఆసామికి దక్కేది నేసి ఇచ్చినందుకు కూలి మాత్రమే. నూలు ధర పెరిగినా, బజారులో బట్ట కదలకపోయినా, సేటు చేసే మొదటి పని ఆసామికి భీములు ఇవ్వడం ఆపేయడం. సేటు నష్టం కొంత తగ్గుతుంది. ఆసామి అప్పు మాత్రం ఆ నెల కూడా పెరుగుతూనే ఉంటుంది.

ప్రభుత్వ కాగితాల్లో ఆసామి యజమాని. కనుక కార్మికుడికి వర్తించే చట్టాలేవీ ఆయనకు వర్తించవు. బజారులో ఆయన కూలివాడు. కనుక యజమానికి ఉండే బేరం ఆడే శక్తి కూడా ఆయనకు లేదు. లాభంలో వాటా లేకుండా నష్టంలో మాత్రం వాటా ఉన్న మనిషిని పారిశ్రామికవేత్త అని పిలవడం ఆయనకు గౌరవమా, భారమా అన్నది మనం వేసుకోవలసిన మొదటి ప్రశ్న.

రెండో ప్రశ్న ఆయన భార్య గురించి. ఇక్కడ నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో ఒక ఆసామి ఇంటికి ప్రశ్నావళి పట్టుకుని వెళ్లాను. ఆయన నూలు కోసం సేటు దగ్గరికి పోయాడు. ఇంట్లో ఆమె ఉంది. గోడవారన కూర్చుని కండెలు చుడుతోంది. నాడెలో పెట్టే కండె చుట్టకపోతే సాంచా ఒక్క అంగుళం నడవదని మీలో నేత తెలిసినవాళ్లకు తెలుసు. ఆమె చుడుతూనే నా ప్రశ్నలకు జవాబులు చెప్పింది. 'మీ ఆయన ఏం చేస్తారు?' అని అడిగాను. 'ఆసామి' అంది. 'మీరేం చేస్తారు?' అని అడిగాను. 'నేనేం జేస్త మేడం, ఇంట్లనే ఉంట' అంది. నేను 'గృహిణి' అని రాసుకున్నాను. ఆమె చేతులు ఆడుతూనే ఉన్నాయి, నా కలం కూడా ఆడుతూనే ఉంది. సోషియాలజీలో డాక్టరేటు కోసం వెళ్లిన మనిషిని, స్త్రీల అదృశ్య శ్రమ గురించి పుస్తకాలు చదివి వెళ్లిన మనిషిని, కళ్లెదుట ఉన్న పనిని చూస్తూనే 'గృహిణి' అని రాశాను. రాత్రి బసకు చేరి కాగితాలు సరిచూసుకుంటున్నప్పుడు గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు.

మన దేశంలో జరిగే శ్రామిక సర్వేల నిర్వచనాల్లో, ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా పనిచేసే వాళ్లకు 'సహాయకులు' అనే గడి ఉంది. ఆ నిర్వచనం ప్రకారం ఆమె పనిచేస్తున్న మనిషే. గడి ఉంది. అడిగే మనిషి అడగలేదు, చెప్పే మనిషి తన పనిని పని అనుకోలేదు. పితృస్వామ్యం ఎక్కడో కొండమీద కూర్చుని ఉండదు. ఇట్లాంటి ఒక ప్రశ్నలో, ఇట్లాంటి ఒక జవాబులో ఉంటుంది.

మర్నాడు మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. ఈసారి ప్రశ్న మార్చాను. పొద్దున లేచిన దగ్గరనుంచి ఏమేం చేశావో చెప్పమ్మా అన్నాను. నీళ్లు, వంట, పిల్లలు, అత్తకు మందులు. ఆ తర్వాత కండెలు. కార్మికుడు రాని రోజున సాంచాల దగ్గర నిలబడటం. మధ్యాహ్నం నుంచి బీడీలు. 'బీడీల పైసలే మేడం మా ఇంట్ల రూకలు. సాంచాల పైసలు వస్తయి, అప్పులకే పోతయి' అంది. ఇంకో మాట కూడా అంది. 'సంఘంల లోను నా పేరు మీద తెచ్చి సాంచాలు కొన్నం. సాంచాలు ఆయన పేరు మీద ఉన్నయి. అప్పు నా పేరు మీద ఉంది.'

నా మొత్తం పరిశోధనలో ఇంతకంటే స్పష్టమైన వాక్యం నేను రాయలేదు.

బీడీల గురించి కొంచెం చెప్పాలి. సిరిసిల్లను నేత పట్టణం అంటారు. నిజానికి అది నేత, బీడీ పట్టణం. పాత కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల్లో లక్షల మంది స్త్రీలు తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి కుటుంబాలను నిలబెట్టారు. 1966లో బీడీ కార్మికుల చట్టం వచ్చింది, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. అవి ఊరికే రాలేదు, సంఘాల పోరాటాల వల్ల వచ్చాయి. పి.ఎఫ్. ఉన్న బీడీ కార్మికులకు తెలంగాణ ప్రభుత్వం 2015లో నెలకు 1,000 రూపాయల భృతి మొదలుపెట్టి, 2019లో 2,016 రూపాయలకు పెంచింది. అదే సమయంలో 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు బీడీల మీద వసూలు చేసే సంక్షేమ సెస్సు రద్దయింది. వైద్యానికి, పిల్లల చదువులకు ఆధారమైన నిధికి ఊట ఎండిపోయింది. ఆ పొడి పీల్చి దగ్గే స్త్రీల దగ్గర కూర్చుంటే, ఈ పని ఉండాలని కోరుకోవాలో పోవాలని కోరుకోవాలో తెలియదు. అయినా ఒక మాట గుర్తు పెట్టుకుందాం. సాంచాలు ఆగిన ప్రతిసారీ సిరిసిల్లలో పొయ్యి వెలిగించింది ఈ డబ్బే. అంటే పరిశ్రమ సంక్షోభాన్ని ఇన్నేళ్లుగా మోసింది స్త్రీల శ్రమ. పట్టణ ఆర్థిక వ్యవస్థ మీద వచ్చే ఏ నివేదికలోనూ ఈ సబ్సిడీ పేరు కనపడదు.

ఇక ఆ సంక్షోభం సంగతి. 1990ల చివరి నుంచి 2000 దశకం పొడుగునా సిరిసిల్ల పేరు పత్రికల్లో ఆత్మహత్యల వార్తల్లోనే కనిపించింది. ఊరి పేరును ఉరితో కలిపి రాసే దాకా వెళ్లింది. ఆత్మహత్యలు వద్దని గోడల మీద రాయించవలసి వచ్చింది. పోయినవాళ్ల గురించి చాలామంది రాశారు. మిగిలినవాళ్ల గురించి తక్కువ రాశారు. భర్త పోయిన మూడో రోజున అప్పుల వాళ్లు వాకిట్లోకి వస్తారు. ఏ అప్పు ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి అన్నది ఆమెకు అప్పుడే తెలుస్తుంది. సాంచాలను ఇనుము లెక్కన తూకానికి అమ్మేసిన ఇళ్లు నేను చూశాను. ఆయన నేర్చుకున్న పని ఆమెకూ వచ్చు. కానీ సాంచాలు ఆమెవి అని చెప్పే కాగితం ఒక్కటీ లేదు. కరెంటు మీటరు కూడా ఆయన పేరు మీదే ఉంది.

ఇట్లాంటి ఊరు తిరిగి లేవడానికి ఏం కావాలి? నైపుణ్యం లేదా? ఉంది. పట్టుదల లేదా? ఉంది. లేనిది ఒక్కటే, నేసిన బట్ట నమ్మకంగా కొనే మనిషి. దీనికి రుజువు 2017లో దొరికింది. ఆ ఏడు రాష్ట్ర ప్రభుత్వం ఆహార భద్రత కార్డులున్న కుటుంబాల్లో 18 ఏళ్లు నిండిన స్త్రీలకు బతుకమ్మ పండుగకు చీరలు పంచే పథకం మొదలుపెట్టింది. దాదాపు కోటి చీరలు. మొదటి ఏడాది వ్యవధి చాలక సుమారు సగం చీరలను సూరత్ నుంచి తెప్పించారు. ఆ చీరల నాణ్యత చూసి చాలాచోట్ల స్త్రీలు కోపంతో వాటిని తగలబెట్టారు. 'ఉచితంగా ఇచ్చింది కూడా నచ్చలేదా' అని అప్పుడు కొందరు వాళ్లను ఎగతాళి చేశారు. నేనైతే దాన్ని వేరేగా చూస్తాను. కట్టుకునే మనిషికి ఒక అభిప్రాయం ఉంటుందని ఆ స్త్రీలు గుర్తుచేశారు. మరుసటి ఏడాది నుంచి చీరల ఆర్డరు ప్రధానంగా సిరిసిల్లకే దక్కింది. రంగులు, డిజైన్లు పెరిగాయి.

ఏడాదిలో కొన్ని నెలలపాటు సాంచాలకు ఖాయమైన పని దొరికింది. బడి పిల్లల యూనిఫాం బట్ట, రంజాన్, క్రిస్మస్ కానుకల బట్టలు కూడా వచ్చాయి. సంపాదన మెరుగైంది, వలస పోయినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు. ఒక ఊరి ఆర్థిక వ్యవస్థను ఉపన్యాసాలతో కాదు, కొనుగోలుతో లేపవచ్చని ఇది చూపించింది. చేయూత అంటే శిక్షణా తరగతి, రుణమేళా అనుకునే వాళ్లందరూ దీన్ని గమనించాలి. అమ్ముడుపోయే దారి చూపకుండా ఇచ్చే రుణం చేయూత కాదు, ఇంకో అప్పు.

అయితే ఒకే కొనుగోలుదారు మీద ఊరంతా ఆధారపడితే ఏమవుతుందో కూడా సిరిసిల్లే చూపించింది. సాదా బట్ట నేసే సాంచాలకు చీరల కోసం కొత్త పరికరాలు బిగించుకోవడానికి చాలామంది అప్పులు చేశారు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024లో బతుకమ్మ చీరల ఆర్డరు రాలేదు. అంతకుముందు నేసి ఇచ్చిన బట్టకు రావలసిన బిల్లులు పేరుకుపోయాయి. ఈ బాకీ ఏ ప్రభుత్వానిది అన్న వాదన హైదరాబాదులో నడిచింది. సాంచాలు మాత్రం ఇక్కడ ఆగాయి. ఆ ఏడాది మళ్లీ ఆత్మహత్యల వార్తలు చదివాం. తర్వాత బకాయిలు కొంత కొంతగా విడుదలయ్యాయి. 2025లో స్వయం సహాయక సంఘాల సభ్యులకు ఇందిరా మహిళా శక్తి పేరుతో ఇచ్చే చీరల పని సిరిసిల్లకు వచ్చింది. సంతోషమే. కానీ పథకం పేరు మారిన ప్రతిసారీ ఒక ఊరి ఊపిరి ఆగి మళ్లీ ఆడటం అనేది విధానం అనిపించుకోదు. ఒక ప్రభుత్వం దయగా ఇచ్చింది ఇంకో ప్రభుత్వం ఆపగలదు. హక్కుగా ఉన్నదాన్ని ఆపడం కష్టం.

మరి ఇందులో హక్కు అని దేన్ని అడగగలం? కొంచెం చట్టాల దగ్గరికి వస్తాను, ఎందుకంటే మన కార్యకర్తలకు ఇవి చేతి ఆయుధాలు.

మొదటిది, 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం. నమోదైన సూక్ష్మ, చిన్న యూనిట్ దగ్గర సరుకు గానీ సేవ గానీ తీసుకున్నవాళ్లు, ఒప్పందంలో ఏమి రాసుకున్నా సరే, 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున చక్రవడ్డీ కట్టాలి. కొన్నది ప్రైవేటు సేటైనా, ప్రభుత్వ సంస్థైనా ఇదే లెక్క. ఈ నిబంధన ఆసామి ఇంటి గోడ మీద రాసి ఉండాలి. సాంచాల మీద ఆమె పేరు కూడా ఉండి, యూనిట్ ఆమె పేరున నమోదైతే, ఆ డబ్బు అడిగే హక్కు ఆమెది అవుతుంది.

రెండోది, 2020 నాటి సామాజిక భద్రతా కోడ్. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అందులో 'ఇంటి ఆధారిత కార్మికులు' అన్న నిర్వచనం ఉంది. యజమాని కోసం తన ఇంట్లోనో తనకు నచ్చిన చోటనో, ప్రతిఫలం తీసుకుని సరుకు తయారుచేసే మనిషి. పరికరాలు, ముడిసరుకు ఎవరివైనా ఫర్వాలేదని కూడా అందులో ఉంది. బీడీలు చుట్టే స్త్రీ దీని కిందికి వస్తుంది. ఇంట్లో సాంచాలు పెట్టుకుని సేటు నూలు నేసే ఆసామి కూడా తానీ నిర్వచనం కిందికి వస్తానని వాదించవచ్చు. కానీ కండెలు చుట్టే ఆయన భార్య? 'ప్రతిఫలం తీసుకుని' అన్న రెండు మాటల దగ్గర ఆమె జారిపోతుంది. ఎందుకంటే ఆమెకు ఎవరూ ఏమీ ఇవ్వరు. కూలి ఇవ్వకపోవడం ఒక అన్యాయం. కూలి ఇవ్వలేదు కనుక నువ్వు కార్మికురాలివి కాదనడం ఇంకో అన్యాయం. ఇంటి ఆధారిత కార్మికుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ నంబరు ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం దానిమీద ఇంతవరకూ సంతకం పెట్టి ఒప్పుకోలేదు. ఆ డిమాండును మనం వదిలేయకూడదు.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. 'ఆమెను కార్మికురాలు అంటున్నారా, పారిశ్రామికవేత్త అంటున్నారా? ఏదో ఒకటి తేల్చండి' అని. ఈ ప్రశ్న మనకంటే ముందు అహ్మదాబాదు స్త్రీలు ఎదుర్కొన్నారు. 1972లో ఇలా భట్, ఆమె సహచరులు 'సేవ' సంఘాన్ని ట్రేడ్ యూనియన్‌గా నమోదు చేయించబోతే, యజమానే లేని స్త్రీలకు యూనియన్ ఎందుకు, ఎవరితో పోరాడతారు అని కార్మిక శాఖ అభ్యంతరం చెప్పింది. యూనియన్ ఉండేది ఎవరికో వ్యతిరేకంగా మాత్రమే కాదు, కార్మికుల ఐక్యత కోసం అని వాళ్లు వాదించి నమోదు చేయించుకున్నారు. 1974లో అదే స్త్రీలు తమ పొదుపుతో తమ సహకార బ్యాంకు పెట్టుకున్నారు. యూనియనూ వాళ్లదే, బ్యాంకూ వాళ్లదే. తర్వాతి దశాబ్దాల్లో అహ్మదాబాదు మిల్లులు మూతబడి లక్షకు పైగా కార్మికులు రోడ్డున పడ్డప్పుడు, అనేక ఇళ్లు స్త్రీల చిన్న చిన్న పనుల మీదే నిలబడ్డాయి. అప్పటికే వాళ్లకొక సంఘం ఉండటం ఎంత అవసరమో అప్పుడు తెలిసింది. ఏదో ఒకటి తేల్చుకోమనేది చట్టం సౌకర్యం కోసం. ఆమె జీవితంలో రెండూ ఉన్నాయి. పెట్టుబడి పెట్టే మనిషిగా చేయూత కావాలి, శ్రమ చేసే మనిషిగా హక్కులు కావాలి. మొదటిది ఇస్తున్నాం కదా అని రెండోది లాక్కోవడానికి వీల్లేదు.

మన రాష్ట్రాల్లో స్త్రీలకు రుణం ఇవ్వడం కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత పొదుపు సంఘాలు, డ్వాక్రా సంఘాలు ఊరూరా విస్తరించాయి. అదే నేల మీద 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్లకు తట్టుకోలేక స్త్రీలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. స్త్రీ పేరు మీద రుణం ఉన్నంత మాత్రాన అది సాధికారత కాదని మనం చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాం. రుణం ఆమె పేరు మీద, ఆస్తి ఆయన పేరు మీద ఉంటే, ఆమె దక్కించుకున్నది కిస్తీ మాత్రమే.

కాబట్టి, నేత పట్టణాల్లో పనిచేసే మిత్రులు ఈ నాలుగు విషయాలు పట్టించుకోవాలని నా మనవి. ఒకటి, సంఘం రుణంతో కొన్న సాంచా, కుట్టుమిషను, దుకాణం ఏదైనా సరే, ఆమె పేరు మీద గానీ ఉమ్మడి పేరు మీద గానీ నమోదు కావాలి. కరెంటు మీటరుతో సహా. రెండు, ప్రభుత్వం ఆర్డరు ఇచ్చేటప్పుడు గజానికో చీరకో లెక్కగట్టే ధరలో కండెలు చుట్టే కూలిని విడిగా చూపించాలి. ధరలో లేని పనికి కూలి ఎప్పటికీ రాదు. మూడు, పండుగ చీరల మీదే ఆధారపడకుండా బడుల, హాస్టళ్ల, ఆసుపత్రుల బట్ట ఏడాది పొడుగునా స్థానికంగా కొనాలి. ఆ కొనుగోలును ప్రభుత్వాలు మారినా మారని నియమంగా రాసుకోవాలి. బడి యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇస్తున్నారు. ఆ బట్ట నేసే చేతులను, కుట్టే చేతులను ఒకే సంఘంలోకి తేవడం మన పని. నాలుగు, షెడ్ల దగ్గర పిల్లలను చూసుకునే చోటు. 2019లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే స్త్రీలు జీతం లేని ఆ పనిలో రోజుకు సగటున 299 నిమిషాలు గడుపుతున్నారని తేలింది. పురుషులు 97 నిమిషాలు. అయిదు గంటలు ముందే ఖర్చయిపోయిన మనిషికి 'వ్యాపారం విస్తరించుకో' అని చెప్పడం ఆమె నిద్రను అప్పు అడగడమే.

ఇవి పెద్ద కోరికలు కావని అనుకుంటున్నాను. ఒక్కటి మాత్రం రేపటినుంచే, పైసా ఖర్చు లేకుండా మనం మొదలుపెట్టవచ్చు. మీ సంస్థల్లో అందరూ ఏదో ఒక సర్వే ఫారం నింపుతుంటారు. అందులో 'వృత్తి' అన్న గడి ఉంటుంది. దయచేసి 'మీరేం చేస్తారు' అని అడగకండి. 'పొద్దున నుంచి ఏమేం చేశారు' అని అడగండి. జవాబు అయ్యేదాకా కూర్చోండి. ఆ తర్వాతే గడి నింపండి.

నేను ఆ మొదటి ఫారాన్ని పారేయలేదు. 'గృహిణి' అన్న మాట మీద అడ్డంగా ఒక గీత, దాని పక్కన మర్నాడు రాసిన నాలుగు పనులు. ఆ తర్వాత కొన్నేళ్లకు వెళ్లినప్పుడు ఆమె అదే ఇంట్లో ఉంది. అప్పు కొంత తీరిందట. సాంచాల్లో రెండు తన పేరు మీద రాయించుకుందట. 'మిగిలినయి?' అని అడిగాను. 'అడుగుతున్న మేడం, ఇడిసిపెట్ట' అంది.

మీ ఊళ్ల సంగతులు మీరు చెబితే వినాలని ఉంది. ఇక చర్చ మొదలుపెడదాం.